మొగిలి దిగుడు

ఆ రోజు ఇంట్లో ఆరుగురం ఉన్నాం. నాయన, అమ్మ, అవ్వ, యోగానంద అన్న, దేవకమ్మ చిన్నమ్మ, నేను. దామోదరం చిన్నాయన చిత్తూరు ఆస్పత్రిలో ఉన్నాడు కాబట్టి ఆయన్ని లెక్కలో వేయలేదు. పెరట్లో పట్ట కప్పి పెట్టిన బండినీ వేయలేదు. కానీ నాలుగు రోజులుగా ఇంట్లో నడుస్తున్న మాటలన్నీ ఆయన గురించీ ఆ బండి గురించే.

పొద్దున తొమ్మిదైంది. పదిన్నరకు కాణిపాకం బస్సు. నాయనా అన్నా ఆ బస్సులో పోయి, తలమీద నీళ్ళు పోసుకుని, తడిబట్టలతో వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చెయ్యాలి.

చిన్నమ్మ పడసాలలో గోడకానుకుని కూర్చుంది. ఈ నాలుగు రోజుల్లో మా ఇంట్లో మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పక్కింట్లో తాగి వచ్చి మళ్ళీ అదే చోట కూర్చునేది.

"ఇంకొక తూరి సెప్తా, వినుకోండి," అంది. "బావ ఏమనాలంటే, 'నేను ఇంజన్ ఆపలేదు' అనాల. యోగా ఏమనాలంటే, 'ఈ పని నా వల్ల జరగలేదు' అనాల. ఒక్క అచ్చరం అటూ ఇటూ కాకూడదు. కాదంటే ఇప్పుడే సెప్పండి. నేను పోలీసుటేషన్‌కి పోతా. బండిలో ఎవురేం మార్చినారో, ఎవుర్నడిగి మార్చినారో వాళ్ళే కనుక్కుంటారు."

అన్న అప్పటికే స్నానం చేసి తెల్ల పంచె కట్టుకుని ఉన్నాడు. "నేను వస్తానన్నా గదా చిన్నమ్మా. మళ్ళీ మళ్ళీ ఏటికి?"

"నువ్వు వస్తావులేప్పా. మీ నాయనే ఇంకా మంచం దిగలేదు."

నాయన మంచం మీద, గోడవైపు చూస్తూ కూర్చున్నాడు.

పలమనేరు నుంచి టమోటా పెట్టెలు వేసుకుని వస్తూ, మొగిలి ఘాట్ చివరి మలుపులో మా పికప్ గోడకు గుద్దుకుంది. వెనక పెట్టెల మీద కూర్చున్న చిన్నాయన రోడ్డు మీద పడ్డాడు. ఆయన మీద పెట్టెలు పడ్డాయి. మోకాలి కింద కాలు నలిగిపోయింది. ఆ కాలు ఉంచేదీ తీసేసేదీ ఈ రోజు సాయంత్రం చెప్తామన్నారు డాక్టర్లు. ఆయన ఇంకా మత్తులోనే ఉన్నాడు. పెండ్లాన్ని కూడా గుర్తుపట్టడం లేదు.

సెలవులకు పలమనేరులో పెద్దమ్మ ఇంటికి పోయిన నన్ను నాయన అదే బండిలో తీసుకొస్తున్నాడు. నేను ముందర, నాయన పక్కన కూర్చున్నాను. నా నుదుటి మీద చిన్న గాయమైంది. నాయనకు ఏమీ కాలేదు.

బ్రేకు పట్టలేదని నాయన అన్నాడు. అన్న బిగించిన హైబ్రిడ్ వల్లే పట్టలేదన్నాడు. ఇంజన్ ఆపితే తప్ప ఆ బ్రేకు పోదని అన్న అన్నాడు. తాను ఆపలేదని నాయన అన్నాడు.

ఆపాడు. నేను చూశాను. గోడకు గుద్దుకున్నాక, మొగిలి వాళ్ళు పరిగెత్తుకుంటూ రాకముందే, నాయన చెయ్యి పోయి తాళాన్ని మళ్ళీ ముందుకు తిప్పడం కూడా చూశాను. ముందర మీటర్ల దగ్గర ఎర్ర లైటు వెలిగింది. అప్పుడు ఆయన నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

నన్నెవరూ అడగలేదు. ఆస్పత్రిలోనే నాయన అందరికీ చెప్పేశాడు, "దానికి తలకి దెబ్బ తగిలింది, ఏమీ తెలీదు" అని. నేను మామూలుగానే నలుగురిలో నోరు తెరవను. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

*

అవ్వ గడప దగ్గర చెనిక్కాయలు వలుస్తూ ఉంది.

"నేను మొదుట్నే సెప్తిని," అంది ఎవరి వైపూ చూడకుండా. "ఒక బండికి రెండు ఇంజన్లేందిరా అంటిని. నాగలికి కుడిపక్క ఎద్దునీ ఎడంపక్క మోటారునీ కడ్తామా?"

"అవ్వా, నువ్వు రోంత గమ్మునుండు," అన్నాడు అన్న.

"నేను గమ్మునే ఉండా. అందురూ అరస్తా ఉంటే ఈ ఇంట్లో గమ్మునుండేది నేనొక్కదాన్నే."

మా ఇంట్లోకి హైబ్రిడ్ అనే మాట బండి కంటే ముందు విత్తనాల పొట్లంతో వచ్చింది. నాయన హైబ్రిడ్ టమోటా పెట్టిన ఏడాదే మా మిద్దె లేచింది. తిరుపతిలో బ్యాటరీల షాపులో పనిచేసే అన్న, బండిని హైబ్రిడ్ చేస్తానని వచ్చినప్పుడు ఊళ్ళో అందరూ నవ్వారు. నాయన నవ్వలేదు. "నాటు దానికంటే హైబ్రిడ్ ఎప్పుడూ మేలే" అన్నాడు. ఆ రోజు నుంచి పాత డీజిల్ ఇంజన్‌ను "నాటింజన్" అని పిలవడం మొదలుపెట్టాడు. అన్న ఆదివారాలన్నీ బండి కింద పడుకుని ఒక కరెంటు మోటారు బిగించాడు. వెనక తొట్టి కింద ఎనిమిది బ్యాటరీలు పెట్టాడు. ఎత్తు ఎక్కేటప్పుడు మోటారు ఇంజన్‌కు సాయం పడుతుంది. దిగేటప్పుడు అదే మోటారు బ్యాటరీలను నింపుతుంది. డీజిల్ సగానికి సగం మిగులుతుందన్నాడు. మిగిలింది కూడా. ఆరు వారాలు.

"డీజిల్ బండి తొమ్మిదేండ్లు తిరిగింది గద బావా," అంది చిన్నమ్మ. "ఒక్క కోడిపిల్లనన్నా తొక్కిందా? వీడు తిరప్తి నుంచి వైర్లు తెచ్చి సుట్టినాడు. ఆరు వారాలకి నా మొగుని కాలు పాయ."

"అది ఇప్పుడూ ఆ డీజిల్ ఇంజనే చిన్నమ్మా. బ్రేకూ ఆ బ్రేకే. నేను బ్రేకుని ముట్టుకోలా."

"ముట్టుకోకుండానే ఎనిమిది బ్యాటరీలు యాడ పెట్నావప్పా? గాలిలోనా?"

"ఇంజన్ తిరగతా ఉంటేనే ఆ బ్రేకుకి బలం. ఆగిపోతే రెండు తొక్కులు, మూడు తొక్కులు. ఆ తర్వాత పెడలు రాయి మాదిరి అయిపోతాది. హైబ్రిడ్ లేకపోయినా అంతే. ఈ ఊర్లో ఎవురి డీజిల్ పికప్పైనా అంతే. నాయన ఆపకుండా ఉండుంటే..."

"నేను ఆపలా," అన్నాడు నాయన.

గొంతు పెద్దది కాదు. గోడకు చెప్పినట్టు చెప్పాడు.

"తాళం ఆన్‌లో ఉన్నింది," అన్నాడు మళ్ళీ. "మొగిలోళ్ళు నలుగురు సూసినారు. పోయి అడుక్కో."

ఆ నలుగురి మాటకు అన్న దగ్గర జవాబు లేదు. నా దగ్గర ఉంది. నా చేతులు పావడా అంచును మెలిపెడుతున్నాయి.

అమ్మ వంటింట్లోంచి మజ్జిగ లోటా పట్టుకుని వచ్చింది. చిన్నమ్మ ముందు పెట్టబోయి, ఆగి, చేతిలోనే పట్టుకుంది.

"దేవకీ, ఒకరు సేస్తే సాలదా? ఇద్దురూ ఏటికి?"

"ఏ ఒకరక్కా? నువ్వే సెప్పు. మొగుడా, కొడుకా?"

అమ్మ చేతిలోని లోటా వైపు చూసింది. లోటాలో మజ్జిగ కదులుతూ ఉంది.

"ఇద్దురూ సేస్తే ఒకరిది అబద్దమే గదమ్మా," అంది చివరికి. "ఆ ఒకర్ని నేను పోగొట్టుకుంటా."

"నేను పోగొట్టుకునేది నీకు అగుపడలేదా?"

అవ్వ చెనిక్కాయలు వలవడం ఆపింది.

కాణిపాకంలో అబద్ధపు ప్రమాణం చేసినవాళ్ళకు ఏమవుతుందో మా పక్క పిల్లలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మా బళ్ళో పెన్సిలు పోతే, దొంగ అనుకున్నవాణ్ణి "కాణిపాకం సామి మీద ఒట్టెయ్" అనేవాళ్ళం. ఒట్టు వేసేవాడు కాదు. ఏడుస్తూ పెన్సిలు ఇచ్చేసేవాడు. నేను పదో తరగతి దాకా చదివాను, భయం పోలేదు. నాయన రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. ఆయనకూ ఆ భయం పోలేదు. అయినా మంచం దిగి బస్సెక్కుతాడు. గుడి ముందు నిలబడి ఆ మాట అంటాడు. ఆ మాట అనేశాక నాయన ఎన్నాళ్ళుంటాడు? తొంభై రోజులంటారు కొందరు. ఇంటికి చేరేలోపే అంటారు కొందరు.

*

"పాపా, ఇట్ల రా," అంది చిన్నమ్మ.

నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. నా నుదుటి మీది ప్లాస్టర్‌ను వేలితో తాకింది. చిన్నప్పుడు నాకు జడలు వేసిన వేళ్ళు అవే. నాలుగు రోజుల్లో మొదటిసారి ఆమె గొంతు మెత్తబడింది.

"నొస్తా ఉండాదా?"

"లేదు చిన్నమ్మా."

"నీ మింద ఏం కోపమమ్మా నాకు. నీదేముండాది?" నా చెయ్యి పట్టుకుంది. "కడాకు మీ చిన్నాయన ఏమన్నా అన్నాడా పాపా? పడేదానికి ముందర? ఆస్పత్రిలో ఒక్క మాటన్నా లేదు. ఆ మనిసి గొంతు ఎట్లుండేదో నాకు మర్సిపోతా ఉండాది."

ఆమె అలా అడిగితే చెప్పకుండా ఉండలేకపోయాను.

"'అన్నా, మొగిలొచ్చింది, ఆపు, నన్నారి సోడా తాగుదాం' అని అరిచినాడు చిన్నమ్మా. నవ్వతా అరిచినాడు."

చిన్నమ్మ నవ్వింది. నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుంది. "నన్నారి అంటే ప్రాణం పెడ్తాడు. పెండ్లయిన మర్సటి దినం కూడా నన్ను అదే తాగిపిచ్చినాడు..."

ఆమె ఏడుస్తూ ఉంది. అమ్మ లోటా కింద పెట్టి ఆమె వీపు నిమిరింది. నేను తల ఎత్తాను.

అన్న నా వైపే చూస్తున్నాడు.

కళ్ళు చిన్నవి చేసి, ఏదో లెక్క వేస్తున్నవాడిలా. అప్పుడు అర్థమైంది నాకు, నోరు జారానని. మా బండి నడుస్తున్నప్పుడు పక్క సీట్లో ఉన్న మనిషితో మాట్లాడాలన్నా గొంతు చించుకోవాలి. వెనక పెట్టెల మీద కూర్చున్నవాళ్ళ మాట అద్దంలోంచి లోపలికి రాదు. ఆపమని చెప్పాలంటే చిన్నాయన ఎప్పుడూ మా తల మీద రేకును దబదబా తట్టేవాడు. ఆ రోజు తట్టలేదు. తట్టాల్సిన అవసరం రాలేదు. అంత నిశ్శబ్దంగా ఉంది బండి.

నాయన కూడా తల తిప్పి నన్ను చూస్తున్నాడు.

మంచం కిర్రుమంది. ఆయన లేచాడు.

"బానూ, తువ్వాల ఎత్తుకొని రా. నీళ్ళు పోసుకుంటా."

*

నీళ్ళ తొట్టి పక్కన కొబ్బరి మట్టల తడిక ఉంది. నాయన దాని అవతల నిలబడ్డాడు. నేను తువ్వాలు తడిక మీద వేసి వెనక్కి తిరిగాను.

"బానూ."

"ఆఁ నాయనా."

"తలకి దెబ్బ తగిల్తే ముందర జరిగిందీ ఎనక జరిగిందీ కలిసిపోతాయంట. డాక్టరు సెప్పినాడు."

నన్ను ఏ డాక్టరూ చూడలేదు. ఒక నర్సమ్మ దూదితో తుడిచి ప్లాస్టర్ వేసి పంపేసింది. నాయన అప్పుడు నా పక్కనే ఉన్నాడు.

"ఊఁ" అన్నాను.

"దాము మాట నువ్వు పలమనేర్లో విన్నింటావు. ఘాట్లో కాదు."

"ఊఁ."

"కాణిపాకానికి నువ్వు రావద్దులే. అమ్మకాడ ఉండు."

నేను అక్కడే నిలబడ్డాను. చెప్పాలి. ఇప్పుడు తప్ప ఇంకెప్పుడూ చెప్పలేను. నాయనా, ఆ ప్రమాణం చెయ్యొద్దు. ఇంతే. నాలుగే మాటలు. గొంతులో మూడుసార్లు పేర్చుకున్నాను.

"నాయనా..."

"ఏమి?"

"వేణ్ణీళ్ళు తెచ్చేదా?"

"వద్దు. సన్నీళ్ళే."

తడిక సందులోంచి ఆయన పాదాలు కనిపిస్తున్నాయి. కుడికాలి బొటనవేలు నేలను గీస్తూ ఉంది. ఆ కాలే ఆ రోజు బ్రేకు మీద నిలబడింది. నిలబడిందనే అనాలి. ఆయన సీట్లోంచి పైకి లేచిపోయి, స్టీరింగ్ పట్టుకుని, ఒళ్ళంతా ఆ ఒక్క కాలి మీద వేశాడు. పెడలు కదలలేదు.

"సామికి తెలీదా బానూ?" అన్నాడు తడిక అవతలి నుంచి. నన్ను అడుగుతున్నాడో తనకు తాను చెప్పుకుంటున్నాడో తెలియలేదు. "మనిసి బయంతో సేసేది ఏరే. కావాలని సేసేది ఏరే. ఆ మాత్రం సామి సూసుకోడా?"

చెంబు నీళ్ళలో ముంచిన చప్పుడైంది. ఆ నీళ్ళు ఒంటి మీద పడిన చప్పుడు మాత్రం చాలాసేపటిదాకా రాలేదు.

*

పెరటి మూల నుంచి అన్న చెయ్యి ఊపి పిలిచాడు. పట్ట ఒక పక్కకు లాగి ఉంది. ఎడమవైపు లైటు పగిలిపోయి, బంపరు లోపలికి పోయి, బండి మూతి వంకరగా ఉంది. తొట్టి మూలల్లో ఎండిన టమోటా తొక్కలు అంటుకుని ఉన్నాయి.

"ఎక్కు," అన్నాడు. డ్రైవరు సీటు చూపించాడు.

"నేనా?"

"ఎక్కు బానూ. టైం లేదు."

ఎక్కాను. సీటు అంచుకు జరిగితే తప్ప నా కాలు పెడలుకు అందలేదు. అన్న పక్క కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పాడు. ఇంజన్ ఒక్కసారిగా లేచింది. ఇంట్లోంచి చిన్నమ్మ అరుస్తున్నట్టుంది, "ఆ పీడను మళ్ళీ ఏటికి కదిలిస్తా ఉండాడు?" అని. సగం మాటలే వినిపించాయి. తడిక వైపు నుంచి ఏ చప్పుడూ రాలేదు.

"బ్రేకు తొక్కు."

తొక్కాను. మెత్తగా దిగింది, నీళ్ళలో కాలు పెట్టినట్టు. అన్న తాళం ఆపేశాడు.

"ఇప్పుడు తొక్కు. వదులు. మళ్ళీ తొక్కు."

ఒకసారి దిగింది. రెండోసారి సగమే దిగింది. మూడోసారి కాలు రాతికి తగిలింది. నేను నొక్కాను. సీట్లోంచి పైకి లేచి నొక్కాను. నా రెండు చేతులూ స్టీరింగ్‌ను పట్టుకున్నాయి. నాయన ఆ రోజు పట్టుకున్నట్టే పట్టుకున్నానని తెలిసి చేతులు వదిలేశాను.

"ఇట్లే లేచినాడా నాయన?" అన్నాడు అన్న మెల్లగా.

నేను తల ఊపాను.

"చిన్నాయన మాట నీకు ఘాట్లోనే వినపడింది గదా."

మళ్ళీ ఊపాను.

అన్న కిటికీ మీద తల ఆనించాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని కాసేపటికి గానీ తెలియలేదు. ఎప్పుడూ చూడలేదు నేను, అన్న ఏడవడం.

"నేనే చేసినానేమో అనుకుంటా ఉండా బానూ. రోజూ ఈ వైర్లన్నీ విప్పి చూస్తా ఉండా. యాడన్నా నా తప్పు దొరుకుతాదేమో అని. ఒక్కటీ దొరకలా. అయినా నిద్ర రాలా." ముక్కు తుడుచుకున్నాడు. "తాళం ఆపితే నా మోటారు కూడా ఆగిపోతాది. బ్యాటరీ నిండేదే లేదు. ఉత్తినే ఆపినాడు. యాడ ఆపినాడు?"

"మూడో మలుపు దాటినాక."

"ఎందుకు? ఎప్పుడూ ఆపే మనిషి కాదే. తొమ్మిదేండ్లు న్యూట్రల్‌లో కూడా దిగలా. ఆపేటప్పుడు ఏమన్నా అన్నాడా?"

అన్నాడు. ఆ మాట నాకు అక్షరం అక్షరం గుర్తుంది. నాయన సంతోషంగా ఉన్నాడు అప్పుడు. నా వైపు చూసి కన్ను గీటాడు కూడా.

"'హైబ్రిడ్ అంటే సెప్పినట్టు సేస్తేనే కాపొస్తాది' అన్నాడు. 'దిగుడులో ఇంజన్‌తో పనిలేదని మీ అన్న సెప్పినాడు గదా, సూడు' అని తాళం ఆపినాడు."

అన్న ముఖంలో ఏడుపు ఆగిపోయింది.

"నేనా?"

నేను స్టీరింగ్ వైపు చూశాను.

"నేనట్ల చెప్పలా. ఇంజన్‌కి పనుండదు అన్నా. దానికి బరువుండదు, ఊరికే తిరగతా ఉంటాది అని. పనుండదు అంటే ఆపమనా?"

"పనుండదు అనలేదన్నా. పనిలేదు అన్నావు."

"నీకెట్ల తెలుసు?"

"రాసిపెట్టుకున్నా."

*

నా నోటుబుక్కు చిన్న గదిలో, బొంతల కింద ఉంటుంది. ఆ గదిలో విత్తనాల డబ్బాలూ పాత సైకిలు ట్యూబులూ తప్ప ఇంకేమీ లేవు. ఎవరూ రారు. అన్న నా వెనకే వచ్చాడు. నేను పేజీ తీసి ఇచ్చాను. అన్న బండికి పూజ చేసిన రోజుది.

'ఈ రోజు అన్న నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి హైబ్రిడ్ బండిని కదిలించాడు. నాయన అడిగాడు, ఘాట్ దిగేటప్పుడు ఏం చెయ్యాలి అని. అన్న, దిగుడులో ఇంజన్‌తో పనిలేదు నాయనా, బ్యాటరీ దానికదే నిండుతుంది అన్నాడు. నాయన రెండుసార్లు ఆ మాట తనలో తాను అనుకున్నాడు. మా అన్నకు ఎంత తెలుసో.'

అన్న చదివాడు. మళ్ళీ చదివాడు. పెదవులు కదిలాయి.

"అన్నా," అన్నాను. చెప్పడానికి అప్పుడు ధైర్యం వచ్చింది, ఎందుకో. "ఇప్పుడు నాయన ప్రమాణం చెయ్యక్కర్లేదు. నువ్వూ చెయ్యక్కర్లేదు. ఇద్దరూ పడసాలలో కూచ్చుని చిన్నమ్మకి చెప్తే సరిపోతాది. నువ్వు ఒక మాట చెప్పినావు, నాయన ఇంకొక మాట విన్నాడు. చిన్నమ్మ అరుస్తాది, కొడతాది. అంతే గదా. ఎవురూ సామికి అబద్దం చెప్పినట్టుండదు."

నాలుగు రోజుల్లో నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే.

"అంతేనా?" అన్నాడు అన్న. "టేషన్‌కి పోతాది. బండిని మార్చినోడు యోగానంద. తప్పు చెప్పినోడూ యోగానంద. నాయన్ని ఎవురూ ఏమీ అనరు. చదువులేని మనిషి, కొడుకు మాట నమ్మినాడు అంటారు."

"కానీ అబద్దం..."

"అబద్దం యాడుండాది? ఇంజన్ ఆపమని నేను చెప్పినానా? ఆ మాట ఈడ రాసుండాదా?"

"లేదు."

"మరి? నేను ఆపమనలా. నాయన ఆపినాడు. నేను నిజమే చెప్తా."

"చిన్నమ్మ చెప్పమనింది ఆ మాట కాదన్నా." అన్నాను. "'ఈ పని నా వల్ల జరగలేదు' అని చెప్పమనింది."

బయట నీళ్ళు పోసుకుంటున్న చప్పుళ్ళు ఆగిపోయాయి. నాయన తడిబట్టలతో పెరడు దాటి పడసాలలోకి పోతున్న అడుగులు వినిపించాయి. ఆ వెంటనే చిన్నమ్మ గొంతు. "యోగా, యాడుండావు? మీ నాయన బయల్దేరినాడు. బస్సు మలుపుకాడికి వచ్చేసింది."

"వస్తా ఉండా చిన్నమ్మా!" అన్నాడు అన్న. నా ముఖం మీద నుంచి కళ్ళు తిప్పలేదు.

"ఆ మాట అనగలవా అన్నా?"

అన్న నోటుబుక్కు మూసి నా చేతిలో పెట్టాడు. చిరగకుండా, జాగ్రత్తగా. నా వేళ్ళను దాని మీద మడిచాడు. అతని చెయ్యి చల్లగా ఉంది. నన్ను కూడా రమ్మంటాడనుకున్నాను. ఇద్దరం కలిసి పడసాలలోకి పోతామనీ, నేను వెనక నిలబడితే అన్న మాట్లాడతాడనీ అనుకున్నాను. అతను గడప దాటాడు. నేనూ కదిలాను.

"నాయనతో నేను మాట్లాడుకుంటా," అన్నాడు. "నువ్వు ఎవురితోనూ మాట్లాడొద్దు."

"ఏం మాట్లాడతావన్నా?"

అన్న రెండు చేతులతో తలుపు దగ్గరికి లాగాడు. బయట గొళ్ళెం పడింది.